వంటింటి షోరూమ్‌లో మారువేషపు గిరాకీ

బియ్యం కొట్టువాడు ఒకసారి నూకలు కలిపి ఇస్తే మరుసటి నెల కొట్టు మార్చేస్తాం. వంటింటి షోరూమ్‌తో ఆ వీలు లేదు. గోడలో అమర్చే ఓవెన్, గ్రానైట్ కోయించి దించే హాబ్, ఫాల్స్ సీలింగ్ మీదుగా గొట్టం వేయించే చిమ్నీ, చెక్క తలుపు వెనక దాగే డిష్‌వాషర్ ఇల్లు కట్టుకున్నప్పుడో, ఫ్లాట్‌కు ఇంటీరియర్ చేయించుకున్నప్పుడో ఒక్కసారి కొనేవి. మళ్ళీ పదేళ్ళకో పన్నెండేళ్ళకో గాని ఆ గడప తొక్కరు. కొనేవాళ్ళకు అది తొలి అనుభవం, అమ్మే కుర్రాడికి ఆ పూటకు నాలుగో బేరం. అతను చెప్పిన మాట నిజమో కాదో తేలేసరికి గ్రానైట్ కోసేసి ఉంటారు, గోడకు బెజ్జం పడి ఉంటుంది.

ఇలాంటి చోట అమ్మకందారు మాటను పరీక్షించడానికి ఉన్న పద్ధతుల్లో మిస్టరీ షాపింగ్ ఒకటి. ఒక మనిషిని డబ్బిచ్చి మామూలు కొనుగోలుదారులా షోరూమ్‌కు పంపుతారు. ముందే రాసి ఇచ్చిన కథ ప్రకారం ఆ మనిషి నడుచుకుంటాడు, అడగమన్నవి అడుగుతాడు, ఇంటికెళ్ళి ఫారం నింపుతాడు. ఎన్ని నిమిషాలకు పలకరించారు? చొక్కాకు పేరు బిళ్ళ ఉందా? వంటగది కొలతలు అడిగారా? డెమో చూపించారా? ఈఎంఐ సంగతి చెప్పారా? ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్రస్తావన తెచ్చారా? ఫోన్ నంబరు తీసుకున్నారా, మర్నాడు ఫోన్ చేశారా? ఎక్కువ ఫారాలు ఇలాగే ఉంటాయి.

ఈ ప్రశ్నలన్నీ కలిపి చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. అమ్మే మనిషి బాగా అమ్ముతున్నాడా లేదా అన్నదే వీటి కొలత. నిజం చెబుతున్నాడా అన్న ప్రశ్న చాలా ఫారాల్లో ఉండదు. లక్షలు పోసి వంటిల్లు అమర్చుకునే కుటుంబానికి కావలసింది ఆ రెండో ప్రశ్నే. మిస్టరీ షాపింగ్ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఎంత సాగినా, చివరికి అది ఎవరు పంపారు, ఫారంలో ఏం రాశారు అన్నచోటికే వచ్చి ఆగుతుంది.

ఈ పద్ధతి 1940ల అమెరికాలో మొదలైంది. అప్పట్లో దాని పని గల్లాపెట్టె కాపలా: ఉద్యోగి తీసుకున్న డబ్బు పెట్టెలో వేస్తున్నాడా, జేబులో వేసుకుంటున్నాడా అని చూడటం. తర్వాత తర్వాత దొంగను పట్టే పని వెనక్కి పోయి, మర్యాదను కొలిచే పని ముందుకు వచ్చింది. స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ విల్సన్ ఈ రంగాన్ని దగ్గరగా పరిశీలించి, సంస్థలు దీన్ని మూడు పనులకు వాడుతున్నాయని రాశాడు. సేవలో ఎక్కడ లోపం ఉందో పట్టుకోవడం, సిబ్బందికి శిక్షణా ప్రోత్సాహకాలూ నిర్ణయించడం, పోటీదారుతో పోల్చి చూసుకోవడం. మూడూ సంస్థకు పనికొచ్చేవే. కొనుగోలుదారు ఆ జాబితాలో నేరుగా ఎక్కడా కనిపించడు.

ఖరీదైన వంటింటి సామాను అమ్మకంలో ఉన్న ఏర్పాటు చూస్తే, ఎవరు ఎవరిని పరీక్షిస్తున్నారో కొంత అర్థమవుతుంది. అమెరికాలో సబ్-జీరో కంపెనీది పెద్ద పేరు. 1945లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పుట్టి, 2000లో వుల్ఫ్ పొయ్యిల వ్యాపారాన్ని కొనుక్కుని, అత్యంత ఖరీదైన వంటిళ్ళలో స్థిరపడింది. ఆ కంపెనీ షోరూముల్లో నడిచే వంటిళ్ళు అమర్చి ఉంటాయి. వండి చూపిస్తారు, రుచి చూపిస్తారు, కానీ అక్కడ బిల్లు రాయరు. కొనాలంటే డీలరు దగ్గరికి వెళ్ళాలి. అంటే కంపెనీ పేరు నిలబెట్టేదీ పోగొట్టేదీ కంపెనీ జీతగాడు కాని మనిషి. కంపెనీలు డీలర్ల దగ్గరికి మారువేషపు గిరాకీలను పంపడానికి ఇదే పెద్ద కారణం.

హైదరాబాద్ ఏర్పాటు వేరు. బజాజ్ ఎలక్ట్రానిక్స్ పేరుతో తెలుగువారందరికీ తెలిసిన దుకాణాల యజమాని ఎలక్ట్రానిక్స్ మార్ట్ ఇండియా 2022 అక్టోబరులో షేర్ల మార్కెట్‌కు వచ్చింది. మామూలు దుకాణాలతో పాటు వంటింటి సామాను కోసమే 'కిచెన్ స్టోరీస్' అన్న ప్రత్యేక షోరూములనూ ఆ సంస్థ తెరిచింది. ఒక్క కప్పు కింద పది బ్రాండ్లు దొరకడం ఇక్కడి పద్ధతి. ఇలా అన్ని బ్రాండ్లూ ఉండే పెద్ద దుకాణాలన్నిట్లో కొనేవాళ్ళు గుర్తించని సంగతి ఒకటుంది. దగ్గరికి వచ్చి "రండి మేడమ్, ఏం చూస్తున్నారు?" అని పలకరించే వారిలో చాలామందికి జీతమిచ్చేది దుకాణం కాదు, ఏదో ఒక బ్రాండు. వాళ్ళను ప్రమోటర్లు అంటారు. టీషర్టు మీద బ్రాండు పేరుంటే సంగతి తెలిసిపోతుంది, దుకాణం యూనిఫాం వేసుకుంటే తెలియదు. నెలకు ఇన్ని పీసులు కదిలించాలన్న టార్గెట్, ఫలానా మోడల్ అమ్మితే ఇంత ఇన్సెంటివ్ అన్న లెక్క ప్రమోటర్ బుర్రలో తిరుగుతుంటాయి. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. పూటంతా నిలబడి కష్టపడే మనిషి. కానీ మిగతా తొమ్మిది బ్రాండ్ల గురించి అతనిచ్చే సలహా సలహా కాదు.

దీనికి తోడు ఇంటీరియర్ చేసే డిజైనర్‌కో, వడ్రంగి మేస్త్రీకో దుకాణం ముట్టజెప్పే కమీషన్ ఉంటుంది. డిజైనర్ వెంటబెట్టుకుని వస్తే ఒక ధర, ఒంటరిగా వస్తే ఒక ధర. కంపెనీ పంపే ఫారంలో ఈ తేడాను పట్టే గడి ఉండదు. ఎందుకంటే దాన్ని పట్టుకోవాలన్న అవసరం పంపినవారికి లేదు.

పంపినవారి అవసరం ఎంత దూరం వెళ్ళగలదో మన దేశంలోనే ఒక కేసు చూపించింది. అది కార్లది. 2021 ఆగస్టు 23న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మారుతి సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ డిస్కౌంట్ డీలర్లు ఇవ్వకుండా కట్టడి చేసిందన్నది అభియోగం. ఆ కట్టడిని అమలు చేసిన తీరు ఆ ఉత్తర్వులో వివరంగా ఉంది. కంపెనీ మిస్టరీ షాపింగ్ ఏజెన్సీలను పెట్టుకుంది. వాళ్ళ మనుషులు కారు కొనేవాళ్ళలా డీలర్ దగ్గరికి వెళ్ళి అదనంగా ఏమైనా తగ్గిస్తారా అని బేరమాడేవారు. తగ్గించిన వాణ్ణి ఆడియో, వీడియో సాక్ష్యంతో పట్టిచ్చేవారు. తర్వాత డీలర్‌కు ఈమెయిల్ వెళ్ళేది, సంజాయిషీ అడిగేవారు, జరిమానా పడేది. డీలర్ సంస్థకే కాదు, షోరూమ్ మేనేజర్, టీమ్ లీడర్, ఆఖరికి సేల్స్ ఎగ్జిక్యూటివ్ దాకా. మారుతి దీనిమీద అప్పీలుకు వెళ్ళింది. అంతకు ముందు 2017లో ఇలాంటి అభియోగం మీదే హ్యుందాయ్‌కి 87 కోట్ల జరిమానా వేస్తే, మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. న్యాయపరంగా లెక్క ఎటు తేలినా, ఆ ఉత్తర్వులో బయటపడ్డ విధానం మాత్రం మరిచిపోవలసింది కాదు. బేరమాడే గిరాకీకి రెండు వేలు తగ్గించిన సేల్స్‌మన్ తప్పు చేసినవాడయ్యాడు. కొనుగోలుదారు వేషం వేసిన మనిషి పని, నిజమైన కొనుగోలుదారుకు డిస్కౌంట్ దక్కకుండా చూడటమైంది.

వంటింటి సామాను రంగం దీనికి దూరం కాదు. 2018 జులైలో యూరోపియన్ కమిషన్ నాలుగు కంపెనీలకు కలిపి 11 కోట్ల 10 లక్షల యూరోలకు పైగా జరిమానా వేసింది. ఆన్‌లైన్ దుకాణాలను తక్కువ ధరకు అమ్మనివ్వలేదన్న తప్పుకు. ఆ సరుకుల్లో ఫిలిప్స్ ఫ్రాన్స్‌లో అమ్మిన వంటింటి పరికరాలు, కాఫీ మెషీన్లు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్ పోటీ నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఇంకా పెద్ద దెబ్బ కొట్టింది. గృహోపకరణాల చిల్లర ధరలను ఏళ్ళ తరబడి కట్టడి చేశారని పది తయారీ కంపెనీలకు, రెండు దుకాణ సంస్థలకు కలిపి 61 కోట్ల 10 లక్షల యూరోలు. బాష్ ఉపకరణాలు తయారుచేసే బీఎస్‌హెచ్, మీలే, స్మెగ్, ఎలక్ట్రోలక్స్, వర్ల్‌పూల్ వంటి పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ షోరూముల అద్దాల వెనక మెరిసే పేర్లే ఇవి. ఖరీదైన సరుకు కంపెనీకి ధర పడిపోవడమంటే పరువు పోవడం లాంటిది. అందుకే ఈ రంగంలో మారువేషపు గిరాకీని పంపేటప్పుడు మర్యాదతో పాటు ధరను కూడా చూసి రమ్మని చెప్పే ఆకర్షణ ఎప్పుడూ ఉంటుంది.

ఇదే ఆయుధం కొనుగోలుదారు తరఫున పట్టుకుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు కూడా ఉన్నాయి. వాటిలో అతి ముఖ్యమైనది సియర్స్‌ది. అప్పట్లో అమెరికాలో ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అందరికంటే ఎక్కువ అమ్మే దుకాణం అదే. దాని కార్ల రిపేరు కేంద్రాల మీద ఫిర్యాదులు పెరిగితే కాలిఫోర్నియా రాష్ట్ర వినియోగదారుల విభాగం తన మనుషులను మామూలు గిరాకీల్లా పంపింది. 38 సార్లు వెళ్తే 34 సార్లు అక్కర్లేని రిపేర్లు అంటగట్టారని 1992 జూన్‌లో బయటపెట్టింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది. అంతకు కొద్దికాలం ముందే సియర్స్ అక్కడి సిబ్బందికి కమీషన్లు, కోటాలు పెట్టింది. రచ్చ అయ్యాక ఆ కమీషన్ పద్ధతిని ఎత్తేసింది. మారువేషం వేసిన మనిషి ఇక్కడ ఏదో ఒక ఉద్యోగిని పట్టుకోలేదు. పై అంతస్తులో తీసుకున్న నిర్ణయాన్ని పట్టుకున్నాడు.

మన దేశంలో సంతోష్ అనగోల్, షాన్ కోల్, శాయక్ సర్కార్ అనే ఆర్థికవేత్తలు జీవిత బీమా ఏజెంట్ల దగ్గరికి ఇలాగే శిక్షణ ఇచ్చిన మనుషులను పంపి చూశారు. 2017లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలిన రెండు మూడు సంగతులు వంటింటి షోరూమ్‌కు అచ్చంగా అతుకుతాయి. ఏజెంట్లు ఎక్కువ కమీషన్ వచ్చే పాలసీనే, అది గిరాకీకి నష్టమైనా సరే, సిఫారసు చేశారు. గిరాకీ తప్పుడు నమ్మకంతో వస్తే దాన్ని సరిచేయకుండా తలూపారు. ఒక రకం పాలసీ మీద కమీషన్ ఎంతో చెప్పి తీరాలన్న నియమం రాగానే, ఆ నియమం వర్తించని, కమీషన్ దండిగా ఉన్న మరో పాలసీ వైపు మళ్ళారు.

తలూపడం అన్నమాట దగ్గర కాసేపు ఆగాలి. షోరూమ్‌లో అబద్ధం చాలావరకు ఆ రూపంలోనే ఉంటుంది. "సక్షన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదా?" అని గిరాకీ అడుగుతుంది. "అవును మేడమ్, అందుకే ఈ పద్నాలుగు వందలది తీసుకోండి" అంటాడు కుర్రాడు. పెట్టె మీద రాసిన ఆ అంకె గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగగలదో చెప్పే గరిష్ఠ కొలత. గొట్టం పొడవు పెరిగేకొద్దీ, వంపులు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో పొయ్యి ఒక గోడకు, బయటికి దారి మరో గోడకు ఉంటే ఎండుమిర్చి తాలింపు పొగ ఎంతవరకు పోతుందో ఆ అంకె చెప్పదు. గొట్టం లేని మోడల్ అయితే బొగ్గు ఫిల్టర్ గుండా వాసనను కొంత పట్టి గాలిని మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది, వేడీ ఆవిరీ అలాగే ఉంటాయి. చేపల పులుసు, పూరీలు, అట్లు రోజువారీ వ్యవహారమైన ఇంటికి ఇది చిన్న విషయం కాదు. మంచి అమ్మకందారు ముందు అడగవలసింది "మీ పొయ్యి నుంచి బయటి గోడ ఎంత దూరం?" అని. ఆ ప్రశ్న అడిగాడా లేదా అన్న గడి ఫారంలో ఉంటే ఆ ఫారం విలువైనది.

ఇలాంటి ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. హాబ్ అమ్మేటప్పుడు ఇంట్లో సిలిండరా, పైపు గ్యాసా అని అడగాలి. భాగ్యనగర్ గ్యాస్ గొట్టాలు వచ్చిన హైదరాబాద్, విజయవాడ కాలనీల్లో ఎల్‌పీజీ జెట్లున్న హాబ్ పెడితే మంట సరిగా రాదు, జెట్లు మార్చాలి. గట్టి గాజు పలక పగిలితే వారంటీ వర్తిస్తుందా అన్నది వేరే చెప్పాలి. నాలుగు బర్నర్ల ఇండక్షన్ హాబ్ ఏడు కిలోవాట్ల దాకా లాగుతుంది. ఇంటికి మంజూరైన లోడే ఐదు కిలోవాట్లయితే కరెంటు ఆఫీసు చుట్టూ తిరగవలసిన పని ఒకటి ఎదురుచూస్తుంటుంది. ఫ్రిజ్ మీద బీఈఈ నక్షత్రాలు చూపించి మురిపించే ముందు ఆ లేబుల్ ఏ కాలానిదో చూపించాలి. 2023 జనవరిలో ప్రమాణాలు బిగించాక, పాత లేబుల్ మీది ఐదు నక్షత్రాలూ కొత్త లేబుల్ మీది ఐదు నక్షత్రాలూ ఒకటి కావు. బాష్ తన డిష్‌వాషర్లలో మన కడాయిల కోసమే 'ఇంటెన్సివ్ కడాయి' ప్రోగ్రామ్ పెట్టింది, బాగుంది. అది ఎంతసేపు నడుస్తుంది, ఎంత వేడి నీళ్ళు వాడుతుంది, అల్యూమినియం మూకుళ్ళు వేస్తే నల్లబడతాయా అన్నవి చెప్పగలిగే మనిషి షోరూమ్‌లో ఉన్నాడా?

అన్నిటికంటే పెద్ద ప్రశ్న సర్వీసు. జర్మనీ నుంచో ఇటలీ నుంచో వచ్చిన ఓవెన్ హైదరాబాద్‌లో కొని ఖమ్మంలోనో రాజమహేంద్రవరంలోనో బిగించుకుంటే, బోర్డు పోయినరోజు మెకానిక్ ఎక్కణ్ణుంచి వస్తాడు, విడిభాగం ఎన్నాళ్ళకు వస్తుంది? ఈ ప్రశ్నకు "మా కంపెనీ సర్వీస్ బ్రహ్మాండం సార్" అన్నది జవాబు కాదు. ఊరు పేరు చెప్పి అడిగి, వచ్చిన జవాబును సర్వీసు కేంద్రాల అసలు జాబితాతో సరిపోల్చే మిస్టరీ షాపింగ్ ఒక్కటి చేస్తే, వంద ఫారాల్లోని నమస్కారాల లెక్క కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

అమెరికాలో చిమ్నీ గొట్టం ప్రశ్నకు సమానమైనది ఒకటుంది. అక్కడ హోటల్ పొయ్యిల్లాంటి పెద్ద గ్యాస్ రేంజులు ఇళ్ళలో పెట్టుకోవడం ఖరీదైన వంటిళ్ళ లక్షణం. వాటి మీద బలమైన హుడ్ కావాలి. హుడ్ నిమిషానికి 400 ఘనపుటడుగుల కంటే ఎక్కువ గాలి లాగేదైతే, లాగిన గాలికి బదులు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని అక్కడ చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ళ నిర్మాణ నియమావళి చెబుతుంది. లేకపోతే ఇంట్లో ఒత్తిడి తగ్గి, నీళ్ళు కాచే గ్యాస్ పరికరాల పొగ వెనక్కి తన్నే ప్రమాదముంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్త ఇల్లు కొని పోపు ఘాటుకు భయపడి పెద్ద హుడ్ అడిగే తెలుగు కుటుంబానికి ఆ అదనపు ఖర్చు సంగతి అమ్మకందారు ముందే చెప్పాడా అన్నది ప్రాణానికి సంబంధించిన పరీక్ష.

ఇక ధర వివక్ష. ఇయన్ ఎయర్స్, పీటర్ సీగల్‌మన్ అనే పరిశోధకులు షికాగో ప్రాంతపు కార్ల డీలర్ల దగ్గరికి తెల్లవారినీ నల్లవారినీ, మగవారినీ ఆడవారినీ ఒకే రకం బేరం నేర్పించి పంపారు. 1995లో ప్రచురించిన ఫలితాల్లో తెల్ల మగవాడికి చెప్పినంత తక్కువ ధర మిగతావారికి చెప్పలేదని తేలింది. ఎమ్మార్పీ ఒకటి, ఆఫర్ ధర ఒకటి, మేనేజర్‌తో మాట్లాడాక వచ్చే ధర మరొకటి ఉండే మన షోరూముల్లో ఈ జంట పరీక్ష చేయదగినది. ఇస్త్రీ చొక్కాతో కారు దిగినవారికీ, స్కూటర్ మీద వచ్చిన రిటైర్డ్ టీచర్‌కూ, ఒంటరిగా వచ్చిన ఆడమనిషికీ ఒకే మోడల్‌కు చివరి ధర ఎంత చెప్పారు? అసలు సాదా బట్టల్లో వచ్చిన మనిషిని ఖరీదైన విభాగం వైపు తీసుకెళ్ళారా?

ఈ పద్ధతికి ఉన్న పరిమితులను పక్కన పెట్టకూడదు. ఫారం నింపేవారి జ్ఞాపకశక్తి ఎంత నమ్మదగినదన్న ప్రశ్నను 1997లోనే బ్రిటన్‌లో మారిసన్, కోల్మన్, ప్రెస్టన్ అనే పరిశోధకులు లేవనెత్తారు. షోరూమ్‌లో నోటుపుస్తకం తీసి రాయలేరు. గంటన్నర సేపు ఆరు మోడళ్ళ గురించి విన్నాక ఏ మాట దేని గురించి అన్నారో కలగాపులగమవుతుంది. అడమ్ ఫిన్, ఉజ్వల్ కయాండే అనే మరో ఇద్దరు పరిశోధకులు 1999లో చేసిన విశ్లేషణ కంపెనీలకు ఇంకా ఇబ్బందికరమైంది. మిస్టరీ షాపర్ ఇచ్చే సమాచారం నాణ్యమైనదే గాని, రెండు మూడు సార్లు వెళ్ళొచ్చి ఒక దుకాణానికీ మరో దుకాణానికీ మార్కులు వేయడం కుదరదని, అందుకు చాలా ఎక్కువ సార్లు వెళ్ళాలని వాళ్ళ లెక్క. అయినా నెలకొకసారి వచ్చిన ఒక్క నివేదిక చూసి సేల్స్‌మన్ ఇన్సెంటివ్ కోసే యాజమాన్యాలు ఉంటాయి. అది అన్యాయం.

అన్యాయం మరో రూపంలోనూ ఉంది. కమీషన్ మీద బతికే మనిషి దగ్గరికి శనివారం సాయంత్రం ఒక జంట వస్తుంది. వంటింటి ప్లాన్ తెస్తారు, హాబ్ నుంచి ఫ్రిజ్ దాకా కొటేషన్ వేయించుకుంటారు, రెండు గంటలు గడుపుతారు. వాళ్ళు పోటీ దుకాణం పంపినవారు. ఈలోగా నిజంగా కొనడానికి వచ్చిన రెండు కుటుంబాలు వేరే కౌంటర్‌కు వెళ్ళిపోతాయి. ఆ నష్టం ఎవరి ఫారంలోనూ నమోదు కాదు. సొంత సిబ్బందికైతే ఇలాంటి పరీక్షలు ఉంటాయని ముందే చెప్పాలని, ఫలితాలను శిక్షణకు వాడాలి గాని వేటు వేయడానికి కాదని ఈ రంగపు నీతి నియమాలు చెబుతాయి. పోటీదారు సిబ్బంది సమయం వృథా చేయకూడదనీ చెబుతాయి. వంటింటి షోరూమ్ లాంటి చోట, సమయమే జీతమైన చోట, ఆ రెండో నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి.

మిస్టరీ షాపర్ ఉద్యోగం పేరుతో జరిగే మోసం గురించి ఒక్క మాట. "మీరు ఎంపికయ్యారు" అని చెక్కు పంపి, అందులో కొంత ఉంచుకుని మిగతాది పంపమనో, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమనో అడిగే ముఠాల గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎన్నో ఏళ్ళుగా హెచ్చరిస్తోంది. ఆ చెక్కు దొంగదని బ్యాంకు చెప్పేసరికి సొంత డబ్బు పోయి ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్న తెలుగు విద్యార్థులకు అసలైన మిస్టరీ షాపింగ్ కూడా ప్రమాదమే, అనుమతి లేకుండా క్యాంపస్ బయట చేసే పనిగా అది వీసాకు ఎసరు పెడుతుంది. మన దేశంలో వాట్సాప్, టెలిగ్రామ్ 'టాస్క్' ఉద్యోగాల వలలో పడినవారు వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

కొనుగోలుదారు పక్షాన ఈ పనిని పద్ధతిగా చేసిన సంస్థలున్నాయి. 1936లో మొదలైన అమెరికా కన్స్యూమర్ రిపోర్ట్స్ తాను పరీక్షించే ఫ్రిజ్‌నూ పొయ్యినీ కంపెనీ దగ్గర ఉచితంగా తీసుకోదు, పేరు చెప్పని మనుషులను మామూలు దుకాణాలకు పంపి డబ్బిచ్చి కొంటుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అయితే 17 ఏళ్ళు నిండినవారికే అన్న రేటింగ్ ఉన్న వీడియో గేములు కొనడానికి పిల్లలను దుకాణాలకు పంపింది. 2000లో వెళ్ళిన పిల్లల్లో 85 శాతం మంది కొనగలిగారు. పరీక్ష ఏళ్ళ తరబడి సాగింది, ఏ దుకాణం ఎంత శాతం అమ్మిందో పేరుతో సహా ప్రకటించడం మొదలైంది, 2011 నాటికి ఆ సంఖ్య 13కు పడిపోయింది.

మనకు ఆ పని చేయగల చట్టం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిని నిర్వచిస్తూ, సరుకు నాణ్యత గురించి నోటిమాటగా చెప్పిన అబద్ధాన్ని కూడా అందులో చేర్చింది. ప్రకటనలో అచ్చువేసిన అబద్ధానికీ, షోరూమ్‌లో కుర్రాడి చేత చెప్పించిన అబద్ధానికీ ఆ చట్టం దృష్టిలో తేడా లేదు. తేడా సాక్ష్యంలో వస్తుంది. "మా షోరూమ్‌లో అలా ఎవరూ చెప్పలేదండీ" అంటే గిరాకీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. అదే చట్టం కింద 2020లో ఏర్పడ్డ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు దర్యాప్తు విభాగం ఉంది. గర్భస్థ లింగ నిర్ధారణ చేసే స్కానింగ్ సెంటర్లను డెకాయ్ ఆపరేషన్లతో పట్టుకున్న అనుభవం మన రాష్ట్రాల అధికారులకు ఉంది. ఆ నేర్పునే షోరూముల వైపు మళ్ళించి, పొయ్యి నుంచి గోడ దూరం అడిగారా, గ్యాస్ ఏదని అడిగారా, లోడ్ గురించి చెప్పారా, ఊళ్ళో సర్వీసు ఉందో లేదో నిజం చెప్పారా అని నలుగురు మనుషులను పదేపదే పంపి, దుకాణాల పేర్లతో ఫలితాలు పత్రికలకు ఇవ్వాలి. సేల్స్‌మన్ పేరు అక్కర్లేదు. అతనికి ఏ టార్గెట్ పెట్టారో, ఏ మోడల్ మీద ఎంత ఇన్సెంటివ్ ఉందో యాజమాన్యాన్ని అడిగి, అది కూడా ఆ పక్కనే అచ్చువేయాలి.

ఆ రోజు వచ్చేదాకా కొనేవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. బ్రిటన్‌లో 2005 నుంచి ఎలక్ట్రికల్ సామాను దుకాణం ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మాలంటే ధర కాగితం మీద రాసివ్వాలి, అదే ధర 30 రోజులు నిలబెట్టాలి, కొన్న 45 రోజుల్లోపు రద్దు చేసుకోనివ్వాలి. మనకు అలాంటి ఆదేశం లేకపోయినా, కొటేషన్ కాగితం చేతికొచ్చినప్పుడు నోటితో చెప్పిన ప్రతి హామీనీ దాని మీదే రాయించుకోవచ్చు. గొట్టం పొడవు, వంపులు, జెట్ల మార్పు ఖర్చు, సాకెట్ ఎన్ని ఆంపియర్లది, గాజు పలకకు వారంటీ ఉందా, మెకానిక్ ఏ ఊరి నుంచి వస్తాడు. రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇవ్వమంటే ఇవ్వడానికి ఇష్టపడని మాటల దగ్గర ఇంకొంచెం గట్టిగా అడగాలి. రాసిచ్చాక కూడా మాట తప్పితే 1915 నంబరు హెల్ప్‌లైన్‌కు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తీసుకెళ్ళడానికి ఆ కాగితం పనికొస్తుంది.